రాజ్యం పిన్ని రామములక మొక్కలు

మా కోడలు ఈ మధ్య బాల్కనీలో టమేటా చెట్లు పెంచుతోంది. కడపలో మేముండేది మూడో అంతస్తు. కింద ఇంకెవరిదో ఇల్లు, పైన ఇంకెవరిదో ఇల్లు, మన్ను అన్నది మాకు దక్కే వస్తువు కాదు. గోడలకు రంగులు వేసినవాళ్ళు వదిలేసి పోయిన ప్లాస్టిక్ బకెట్లు నాలుగు తీసుకుని, అడుగున చిల్లులు పెట్టి, ఫోనులో చూసి నేర్చుకున్న పద్ధతిలో కొబ్బరిపొట్టూ ఎరువూ కలిపి నింపింది. పొద్దున్నే లేచి పక్కకొమ్మలు గిల్లి, అదే చేత్తో నాకు కాఫీ తెచ్చిస్తుంది. ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ పసుపూ ఆకుపచ్చా కలిసిన మరక ఉంటుంది. ఆ మరక వాసన పచ్చిగా, ఘాటుగా, కొంచెం చేదుగా గొంతులోకి దిగుతుంది. దాని ముందు కాఫీ వాసన నిలవదు.

"ఏందత్తా, మొగం అట్ల పెడతాండావు? ఈ చెట్లంటే నీకు పడదా?" అని నిన్న అడిగింది.

"చెయ్యి కడుక్కోని రాపో" అని మాట తప్పించాను. డెబ్బై ఏళ్ళ కిందటి సంగతి కాఫీ చల్లారే లోపల చెప్పేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది కర్నూలు పాత ఊళ్ళో, తుంగభద్ర ఒడ్డుకు నడిచిపోయేంత దూరంలో. మా నాయనది గుడ్డల అంగడి. మాది మట్టిమిద్దె, చెయ్యి చాపినా అటు అంచు అందనంత మందం గోడలు, పైన వేపదంతెలు, నడుమ గవాక్షి. మిట్టమధ్యాహ్నం ఆ గవాక్షిలోంచి ఎండ కర్రలాగా దిగి పడసాలలో నిలబడేది; అది ఏ రాతి మీద నిలబడిందో చూసి మా జేజి, అంటే మా నాయన వాళ్ళమ్మ, పొయ్యి ఆర్పాలో వెలిగించాలో చెప్పేది. వాకిలీ, పడసాలా, వెనక పెరడూ అంతా నాపరాళ్ళు పరిచి ఉండేవి. పురుగూ పుట్రా చేరదని జేజికి ఆ రాళ్ళంటే గర్వం. ఉగాదికి ఓళిగలు చేసే రోజు ఆ రాళ్ళ మీదే అరిటాకులు పరిచి ఆరబెట్టేవాళ్ళు. బెల్లం పాకం, యాలకులు, కాలిన నెయ్యి వాసన రాతి సందుల్లోకి దిగి రెండు రోజులైనా పోయేది కాదు. వానాకాలం తొలి చినుకులకు ఆ రాళ్ళు బుస్సుమని ఆవిరి వదిలేవి. వేసవిలో వాటి మీద గచ్చకాయలాట ఆడాలంటే ముందు కడివెడు నీళ్ళు చల్లుకోవాలి, నీళ్ళేమో అమ్మ ముట్టనిచ్చేది కాదు. ఎండాకాలం తుంగభద్ర ఇసుక అయిపోయేది. ఆడవాళ్ళు చెలమలు తోడుకుని, గంటకొక బిందె ఊరే నీటి కోసం ఆ ఇసుకలోనే కూర్చుని తలలు దువ్వుకునేవాళ్ళు.

నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా కొత్త ఆంధ్రరాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. మా ఊరికి ఏమి వచ్చిందో మాకే అర్థం కాలేదు. ఊరి బయట ముళ్ళకంప తప్ప ఏమీ లేని బయలులో తెల్లటి గుడారాలు లేచాయి. వాటిల్లో ఆఫీసులు, బల్లలు, కాగితాల కట్టలు; గాలి లేచిందంటే గుమాస్తాలు కాగితాల వెంట పరుగెత్తేవాళ్ళని నాయన వచ్చి చెబితే మేము నవ్వేవాళ్ళం. మద్రాసు నుంచీ కోస్తా నుంచీ వచ్చినవాళ్ళకు తలదాచుకోను ఇల్లు దొరకడం గగనమైంది. కొందరు పెళ్ళాంబిడ్డలతో గుడారాల్లోనే ఉన్నారు. పశువుల కొట్టాలకు కూడా సున్నం కొట్టి అద్దెకిచ్చారు. మా పెరటి వైపు రెండు గదులు ఖాళీగా ఉంటే నాయన మూర్తిగారని ఒక గుమాస్తాకిచ్చాడు. ఆయన భార్య రాజ్యం. వాళ్ళది గోదావరి పక్క. పెళ్ళై రెండేళ్ళు, ఆమెకు ఇరవై నిండాయో లేదో.

నేను చిన్నమ్మా అని పిలిస్తే, "మా వైపు పిన్నీ అంటారమ్మా, అలా పిలు" అన్నది. ఆమె మాటలు మాకు పాట మాదిరి వినిపించేవి. మేము యాడ అంటే ఆమె ఎక్కడ అనేది, మేము శానా అంటే చాలా అనేది. మా వీధి పిల్లలు ఆమె వెనక చేరి చాలా, చాలా అని వెక్కిరించేవాళ్ళు. ఆమె నవ్వి ఊరుకునేది గాని, తర్వాత ఇంట్లోకి పోయి చాలాసేపు బయటికి వచ్చేది కాదు. వచ్చిన వారానికే పెరట్లో నిలబడి, ఆ నాపరాళ్ళను ఈ చివర నుంచి ఆ చివరికి చూసి, "రత్నం, మీ ఊళ్ళో ఆకు ఎక్కడ కనిపిస్తుందమ్మా?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఆకులు సంతలో ఉంటాయి కదా.

వాళ్ళమ్మ ఒక కాగితం పొట్లంలో కట్టిచ్చిన గింజలు ఆమె పెట్టె అడుగున ఉన్నాయి. రామములక్కాయ గింజలని చెప్పింది; టమేటాను వాళ్ళ పక్క అట్లా అంటారు. ములక్కాయంటే నేను మునక్కాయనుకుని ఇంత పెద్ద చెట్టు ఈ రాళ్ళలో ఎట్లా వస్తుందని అడిగాను. మూర్తిగారు సంతలో ఖాళీ కిరసనాయిలు డబ్బాలు ఏడు కొనుక్కొచ్చారు. పిన్ని వాటిని చింతపండూ బూడిదా వేసి మూడు రోజులు తోమింది, నూనె వాసన పోవాలని. మేకూ రాయీ తీసుకుని అడుగున చిల్లులు కొట్టింది; చిల్లుల మీద పగిలిన కుండపెంకులు బోర్లించింది, నీళ్ళు పోవాలి గాని మన్ను పోకూడదని. మన్ను తెచ్చింది నేను. బడి వదిలాక తుంగభద్ర ఒడ్డుకు పోయి, ఏరు తీసినచోట పొరలుపొరలుగా ఎండి అప్పడాల్లా లేచిన ఒండ్రు గంపలో నింపుకుని తల మీద పెట్టుకుని వచ్చేదాన్ని. పక్కింటి కాసింబీ మేకను పెంచేది. ఆమె గోడ మీది నుంచి మేకపెంట్రికలు చేటతో అందించి, "దొరసాని తోటకు, తీసుకో బేటీ" అని నవ్వేది.

చిట్టెడు కొబ్బరిచిప్పలో గింజలు మొలిచాయి. జానెడు పెరిగాక ఒక్కో డబ్బాలో ఒక్కో మొక్క నాటింది. కందికంప ఊతం నాటి, పాతచీర అంచు చించి వదులుగా కట్టింది. ఆకు తడవకుండా మొదట్లో నీళ్ళు పొయ్యడం, పక్కకొమ్మ చిటికెనవేలంత ఉన్నప్పుడే గిల్లెయ్యడం, పసుపుపచ్చ పూలు విచ్చిన పొద్దున కాడను వేలితో మెల్లగా తట్టడం, అట్లా తడితే పిందె నిలుస్తుందనడం, అన్నీ నాకు నేర్పింది. గిల్లిన కొమ్మల వాసన నా వేళ్ళకు పట్టి, బడిలో పలక మీద రాస్తున్నప్పుడు కూడా తెలిసేది. ఆ చెట్ల దగ్గర పిన్ని వాళ్ళ ఊరి కబుర్లు చెప్పేది. ఇంటి వెనకే కాలువ, కాలువలో పడవలు, పడవ మీద నుంచే కూరగాయలు కొనడం. నీళ్ళ మీద కూరగాయలొస్తాయంటే నేను నమ్మలేదు.

మాఘంలో మొదటి కాయ పండింది. పిన్ని దాన్ని కోసి, రెండు చెక్కలు చేసి, ఉప్పు చల్లి సగం నాకిచ్చింది. కొరికేసరికి రసం గడ్డం మీదుగా కారి తెల్లపావడా మీద పడింది. అట్లాగే ఇంట్లోకి పోతే జేజి నెత్తురనుకుని కేక పెట్టింది. సంగతి తెలిశాక కేక ఇంకా పెద్దదైంది.

"ఎర్రగా మాంసం మాదిరుండాది. మనిండ్లల్ల తింటారంటే అది? నోరు పుక్కిలించి రా. ఇంగ ఆ వాకిలి తొక్కినావంటే కాళ్ళు ఇరగ్గొడతా."

జేజి మాట ఇంట్లో శాసనం. అయినా నేను తొక్కడం మానలేదు. నాయన కూడా ఒక మధ్యాహ్నం మూర్తిగారి పీట మీద కూర్చుని రామములక పప్పు తిని మూతి తుడుచుకుంటూ వస్తుంటే నేను చూశాను. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. జేజికి తెలియదనుకున్నాం. ఆమె మాత్రం పిన్ని వాటా గడప ఏనాడూ తొక్కలేదు. అటు నుంచి గాలి వస్తే పైటకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

ఇక నీళ్ళు. మొదటి వేసవే పిన్నికి కర్నూలంటే ఏమిటో తెలిసింది. మాకు తాగేందుకూ వంటకూ చెలమనీళ్ళు. అవి చెట్లకు పోస్తానంటే జేజి ఒప్పుతుందా? అప్పుడు మా వీధికి ఒక భిస్తీ వచ్చేవాడు. తోలుసంచి నడుముకు వేసుకుని, వంగి నడుస్తూ, సాయిబుల ఇండ్లకు నీళ్ళు పోసేవాడు. తోలు తగిలిన నీళ్ళు మా ఇంట్లోకి రాకూడదు, పెరటి చెట్లకు రావచ్చునని నాయన రాజీ కుదిర్చాడు. దినం విడిచి దినం ఆయన వెనక తలుపు తట్టేవాడు. నేను గడియ తీసేదాన్ని. ఆయన సంచి మూతి వదులు చేసి ఒక్కో డబ్బాకు ఒక్కో ముంతెడు పోసి, మాట్లాడకుండా వెళ్ళేవాడు. ఆ ఎండల్లో నాలుగు చెట్లు పోయి మూడు మిగిలాయి. వాటి గింజలతోనే పిన్ని మళ్ళీ ఏడు డబ్బాలూ నింపింది.

రెండో ఏడు ఆమె కడుపుతో ఉంది. మా అమ్మ చింతచిగురు పప్పూ, వేయించిన బొరుగులూ చాటుగా పంపేది. పిన్ని మెట్టు మీద కూర్చుని చెట్లకు ఊతాలు కట్టేది. వంగలేక నా చేత కొమ్మలు గిల్లించేది. ఏడు డబ్బాల్లోనూ చెట్లు నా భుజం దాకా వచ్చాయి. పెరట్లోకి పోతే ఒక మూల చల్లగా ఉండేది. మా ఇంట్లో అట్లాంటి మూల అంతకు ముందు లేదు.

తొలికాన్పుకు వాళ్ళ నాన్న వచ్చి పుట్టింటికి పిలుచుకుపోయాడు. వెళ్ళే ముందు ఆమె నన్ను డబ్బాల దగ్గరికి తీసుకుపోయి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయనకి ఆఫీసే లోకం రత్నం. వీటిని నీకే అప్పగిస్తున్నాను. పాపో బాబో, ఎవరొస్తే వాళ్ళని ఎత్తుకుని నేను వచ్చేసరికి వీటికి కాయలుండాలి. భిస్తీ వచ్చినప్పుడు తలుపు తియ్యడం మర్చిపోకేం."

మర్చిపోనని ఒట్టు పెట్టాను. నెల రోజులు నిజంగానే మర్చిపోలేదు. బడి నుంచి రాగానే ఆకులు లెక్కపెట్టేదాన్ని. కాన్పు దగ్గర పడిందని మూర్తిగారు కూడా సెలవు పెట్టి వెళ్ళారు. గదులకు తాళం పడింది. చెట్ల నిండా పచ్చికాయలు.

ఆ శ్రీరామనవమికి జేజి మొక్కు తీర్చుకోను మా ఇంటిల్లిపాదీ ఒంటిమిట్టకు బయలుదేరాం. నాకు పట్టుపావడా కుట్టించారు. ఆ పావడా, రైలు, దారిలో తినను అమ్మ చేసిన సద్దరొట్టెలూ నువ్వులపొడీ, వీటి సంబరంలో నాకు ఇంకేమీ గుర్తులేదు. ద్రోణాచలంలో రైలు మారేటప్పుడు, ప్లాట్‌ఫారం మీద కుళాయి కింద ఎవరో తోలుసంచి మాదిరి నల్లటి తిత్తిలో నీళ్ళు పడుతుంటే చూసి, తలుపు సంగతి గుర్తొచ్చింది. భిస్తీ రేపు వస్తాడు. తలుపు తట్టుతాడు. ఇంట్లో ఎవరూ లేరు. కాసింబీకి ఒక్క మాట చెప్పి వచ్చినా చాలు, ఆమె గోడ మీది నుంచి నాలుగు ముంతలు పోసేది. అదే ప్లాట్‌ఫారం మీద మా అంగడి పక్క అంగడాయన కర్నూలు బండి కోసం నిలబడి నాయనతో మాట్లాడుతున్నాడు. నాయన చెయ్యి పట్టుకుని గుంజి, ఆయన చేత కాసింబీకి కబురంపమంటే అయిపోయేది. గుంజలేదు. చెబితే జేజికి కోపం వస్తుందని, ప్రయాణం పాడవుతుందని, ఏదో ఒకటి అనుకున్నాను. అసలు కారణం అది కాదు. ఆ సంతోషంలో ఒక్క నిమిషం కూడా తగ్గించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఒంటిమిట్టలో పదిరోజులున్నాం. మండే రాతి మంటపాలు, మిరియాలు ఘాటెక్కిన పానకం, నానిన వడపప్పు, గాజుల అంగళ్ళు, చెరకు గడల మోపులు, చెమటా కర్పూరమూ కలిసిన జనం వాసన. నేను రంగులరాట్నం ఎక్కాను. చెట్లు గుర్తొచ్చినప్పుడల్లా వాన వచ్చి ఉంటుందిలే అనుకునేదాన్ని. చైత్రమాసంలో కర్నూల్లో వాన.

తిరిగి వచ్చి తాళం తీయగానే పెరట్లోకి పరుగెత్తాను. ఏడు చెట్లూ నిలబడే ఉన్నాయి. ఊతాలకు కట్టిన చీరముక్కలు వాటిని నిలబెట్టాయి. ఆకులు చుట్టకు పోయి, ముట్టుకుంటే పొడి రాలింది. కాయలు ముడుతలు పడి వేలాడుతున్నాయి. డబ్బాల్లో మన్ను అంచుల నుంచి విడిపోయి వేలు దూరేంత సందు పడింది. ముంత మీద ముంత పోశాను. నీళ్ళు ఆ సందుల్లోంచి జారి, మన్ను తడపకుండానే చిల్లుల్లోంచి బయటికొచ్చి నాపరాళ్ళ మీద పారాయి.

మర్నాడు కార్డు వచ్చింది. మూర్తిగారు రాశారు. నాయన గట్టిగా చదివాడు. ప్రసవం కష్టమైందని, తల్లి క్షేమమని, బిడ్డ దక్కలేదని. అమ్మ చీపురు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నేను పెరట్లోకి పోయి చెట్లన్నీ మొదలంటా విరిచి, మోపు కట్టి, ఏట్లో పారేసి వచ్చాను. డబ్బాల్లో బెత్తెడు మోళ్ళు మిగిలాయి. తొమ్మిదేళ్ళ పిల్లను. ఆమె నాకు రెండిటినీ ఒకేసారి చెప్పింది కదా, బిడ్డనీ కాయల్నీ. ఒకటి ఎండబెట్టిన నేను రెండోదాన్ని కూడా చంపానని నా మనసులో గట్టిపడిపోయింది.

నెల తిరక్కుండానే పిన్ని వచ్చేసింది. చేతిలో బిడ్డ లేని మనిషి మూడునెలలు పుట్టింట్లో ఎందుకుంటుంది? చిక్కిపోయి, కళ్ళ కింద నల్లబడి, చెవులకు గుడ్డ కట్టుకుని జట్కా దిగింది. సామాను దించకముందే డబ్బాల దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యాయి రత్నం?"

"మేము ఊరికి పోయినప్పుడు కాసింబీ మేక గోడ దూకి తినేసింది పిన్నీ."

ఆమె నా ముఖం చూసింది. "సరేలేమ్మా" అని లోపలికి వెళ్ళింది. ఆ మాట ఎట్లానో గోడ దాటింది. సాయంత్రం కాసింబీ వచ్చి, పిన్ని వాకిట నిలబడి, చేతులు జోడించి, నోరులేని జంతువు చేసిన తప్పుకు మాఫ్ చెయ్యమని అడిగింది. ఆ తర్వాత ఆ మేకను గుంజ నుంచి ఏనాడూ విప్పలేదు. పొద్దస్తమానం అది గోడవతల అరుస్తుంటే నేను పడసాలలో చెవులు మూసుకునేదాన్ని.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం, ఇంట్లో అందరూ కునుకుతీస్తుంటే, పెరట్లో చప్పుడైతే పోయి చూశాను. ఆ ఎండలో పిన్ని డబ్బాల ముందు గొంతుకూర్చుని ఉంది. జాకెట్టు ముందు భాగం తడిసి ఉంది. చేతిలో చిన్న ఇత్తడిగిన్నె. అందులోంచి తెల్లగా ఏదో ఎండిన మోడు చుట్టూ మెల్లగా పోస్తోంది.

"పాలెందుకు పిన్నీ మన్నులో పోస్తావు?"

ఆమె ఉలిక్కిపడలేదు. "ఇవి పారబోసేవేనమ్మా. తొక్కుడు పడేచోట పొయ్యకూడదట. చెట్టు మొదట్లో పొయ్యమని అమ్మ చెప్పింది." గిన్నె బోర్లించి, చివరి చుక్క రాలేదాకా పట్టుకుంది. "ఒక్క చెట్టన్నా మిగిలి ఉంటే బాగుండేది."

నిష్ఠూరంగా అనలేదు. వంటింట్లో ఉప్పు అయిపోయిందన్నట్టు అన్నది. ఆ పాలు ఏ పాలో నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక అక్కడ నిలబడలేకపోయాను.

జేజి అప్పటికే లేచి పడసాలలో వత్తులు చేసుకుంటోంది. ఆమె ఒళ్ళో పడి అంతా చెప్పేశాను. తలుపు, భిస్తీ, ద్రోణాచలం, మేక, పాలు. నేనే చంపినాను జేజీ అని ఏడ్చాను. జేజి వత్తి చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నది.

"చెట్టు ఎండితే బిడ్డ పోతాదంటే పాపా? నాకు నలుగురు పోయినారు. మీ నాయనకు ముందు ఇద్దరు, ఎనక ఇద్దరు. నేనేం చెట్లు ఎండబెడితిని?"

మా నాయనకు తోబుట్టువులుండేవారని నేను అప్పుడే విన్నాను. ఆ తర్వాత కూడా ఆమె నోట మళ్ళీ వినలేదు.

"పిన్నికి చెప్పేస్తా జేజీ" అన్నాను.

"వద్దు. చెప్తే నీకు తేలికయితాది. ఆయమ్మకేమయితాది?" నా కళ్ళు తుడిచి లేపింది. "పో, మీ నాయన అంగడికాడ పూలామెనడిగి మల్లెమొగ్గలు తే. మూరలు వద్దు, విడివి. ఒడి నిండ తే. ఎండని చూడాకు, పరుగెత్తు."

కాళ్ళు కాలుతుంటే నీడ నుంచి నీడకు ఎగురుతూ పోయి, పావడాలో మొగ్గలు పోయించుకుని వచ్చాను. జేజి తన పాత నూలుచీర ఒకటి మెత్తటిది తీసి, వెడల్పుగా చించి, ఆ మొగ్గలు తీసుకుని, పెరటి రాళ్ళు దాటి, ఏడాదిన్నరగా తొక్కని ఆ గడప దాటి లోపలికి పోయి తలుపు మూసింది. పాలు ఇంకిపోను రొమ్ముకు మల్లెలు కడతారని ఆ రోజు తెలిసింది. కాసేపటికి పిన్ని ఏడుపు వినిపించింది. వచ్చినప్పటి నుంచీ ఆమె ఏడవగా ఎవరూ వినలేదు. "ఏడ్సు తల్లీ, బాగ ఏడ్సు" అంటున్న జేజి గొంతు వినిపించింది. నేను వాకిట్లో కూర్చున్నాను. పావడాకు మల్లెల వాసన అంటుకుని ఉంది. వారానికి పాలు ఇంకిపోయాయి. వాడి నల్లబడిన మొగ్గలు పిన్ని ఆ డబ్బాల్లోనే పారేసింది.

ఆమె మళ్ళీ చెట్లు పెట్టలేదు. శ్రావణంలో నాలుగు వానలు పడగానే రెండు డబ్బాల్లో, రాలిన కాయల గింజలేమో, వాటంతట అవే మొలకలొచ్చాయి. నేను ఎగిరి గంతేసి పిన్నిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆమె వంగి చూసింది. రెండు వేళ్ళతో ఒక్కొక్కటీ పట్టి, వేరుతో సహా మెల్లగా పెరికి, గోడ పక్కన పెట్టింది. కోపం లేదు. చెయ్యి దులుపుకుని లోపలికి పోయింది. ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. మా వంటింట్లో కజ్జికాయలు వేగుతున్నాయి. పిన్నికి వాయనం ఇచ్చి రమ్మని అమ్మ నాకు పళ్ళెం ఇస్తే, పోయి ఆమె గడప మీద పెట్టి, పిలవకుండానే వచ్చేశాను.

ఆ మరుసటేడు రాజధాని హైదరాబాదుకు పోయింది. వచ్చినంత తొందరగానూ పోయింది. గుడారాలు పీకేశారు. అవి ఉన్నచోట్ల నేల చదరంగా గట్టిపడి, చుట్టూ మేకులు కొట్టిన గుంతలు మిగిలాయి. ఊళ్ళో సగం ఇండ్లకు తాళాలు పడ్డాయి. మా నాయన అంగట్లో మధ్యాహ్నాలు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. మూర్తిగారి సామాను లారీలో పోయింది. వాళ్ళిద్దరికీ స్టేషనుకు జట్కా వచ్చింది. జేజి ఓళిగలు అరిటాకులో కట్టి పిన్ని ఒళ్ళో పెట్టింది. పిన్ని జేజి కాళ్ళకు దండం పెట్టింది. నా తల నిమిరి ఎక్కింది.

జట్కా కదిలింది. నేను వాకిట్లోనే నిలబడదామనుకున్నాను. నిలబడలేదు. సందు చివరిదాకా చక్రం పక్కనే పరుగెత్తాను.

"పిన్నీ, మేక తినలేదు. నేనే తలుపు తియ్యలేదు. మేము ఒంటిమిట్టకు పోతిమి."

ఆమె నా వైపు వంగింది. "తెలుసమ్మా," అన్నది. "మేక ఆ ఆకు ముట్టదు." మూర్తిగారు ఏమిటని అడిగితే ఏమీ లేదంది. జట్కా సందు తిరిగింది. ఆమె చెయ్యి ఊపుతుందని నిలబడ్డాను. ఊపలేదు.

సాయంత్రం జేజి వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండానే, "చెప్పినావా?" అని అడిగింది. తలూపాను. జేజి పత్తి విడదీస్తూ కూర్చుంది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. నాయన పోయాక అమ్మేశాం. అక్కడ అద్దాల తలుపులున్న సెల్‌ఫోన్ల అంగడి ఉంది. నాపరాళ్ళు ఎవరు తీసుకుపోయారో తెలియదు. భిస్తీలు పోయారు, భిస్తీ అంటే మా మనవరాలికి ఆ మాట కూడా తెలియదు. గుడారాలున్న బయలంతా కాలనీలు. కాసింబీ ఇంటి జాడ లేదు. రాజ్యం పిన్ని ఉంటే తొంభై దాటి ఉంటుంది. హైదరాబాదులో కొన్నేళ్ళున్నప్పుడు వెతికాను; మూర్తి అన్న పేరుతో ఆ ఊళ్ళో ఎవర్ని వెతుకుతాం?

జేజి వద్దన్న పని చేసి పిన్నికేమి కలిగించానో నాకు తెలియదు. కాని ఈ వయసులో నన్ను పట్టి ఉంచేది అది కూడా కాదు. ఆ బిడ్డ ఆడపిల్లో మగపిల్లాడో నాకు తెలియదు. కార్డులో బిడ్డ అని మాత్రమే ఉంది. ఆ ఇంట్లో మేము నలుగురం ఉన్నాం; ఎవరమూ అడగలేదు. తలుపు మూసుకుని లోపలున్న ఆ మధ్యాహ్నం జేజి అడిగిందేమో, అడిగి ఉంటే ఆ సంగతి జేజితోనే పోయింది. నేను మాత్రం ఏడాదిన్నర ఆమె కొంగు పట్టుకుని తిరిగాను. రోజూ నా తప్పునే తలుచుకున్నాను. చివరికి జట్కా వెంట పరుగెత్తినప్పుడు కూడా నా తప్పే చెప్పుకున్నాను గాని, ఆ ఒక్క మాట అడగలేదు.